లోపానికి కాపలా

మా పడకగదిలో ఏసీ పాడయిందని ఇంటి ఓనరుగారికి చెప్పేవరకు మా రెండిళ్ళ మధ్య కరివేపాకు, పెరుగు తోడు, దినపత్రిక, ఎప్పుడైనా ఓ గిన్నెడు గోంగూర పచ్చడి స్వేచ్ఛగా రాకపోకలు సాగించేవి. ఆ తర్వాత వాటికి కూడా పై అధికారుల అనుమతి అవసరమైంది. అలా ఎందుకైందో వివరించడం తప్ప నాకు వేరే దురుద్దేశం లేదు. ఇందులో ఎవరినీ తప్పు పట్టను. అందరూ మా మంచి కోరే చేశారు. మన మంచి కోరేవాళ్ళు ఆఫీసు తెరిచి కూర్చుంటే ఏమవుతుందో నాకు అప్పటికి తెలియదు.

నా పేరు దక్షిణామూర్తి. బెజవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో లైబ్రేరియన్‌ని. నిబంధన అంటే నాకు గౌరవం. ప్రిన్సిపాలుగారు పుస్తకం ఆలస్యంగా తెస్తే ఆయన చేత కూడా జరిమానా కట్టించాను. ఆ తర్వాత లైబ్రరీని మెట్ల కింది గదిలోకి ఎందుకు మార్చారో కూడా నాకు తెలుసు. కాలువగట్టున ఒక మేడలో పై వాటాలో నేను, మా ఆవిడ శేషారత్నం ఉంటాం. మా కింది వాటాలో ఓనరు భ్రమరాంబగారు ఒక్కరే ఉంటారు. ఆవిడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం పోయినా ఆ గొంతు పోలేదు. నన్ను అన్నయ్యగారూ అని, మా ఆవిడను వదినగారూ అని పిలిచేవారు.

ఏసీ ఆవిడదే. వాటాతో పాటు కలిపి అద్దెకిచ్చారు. చలికాలమంతా బుద్ధిగా ఉన్న ఆ ఏసీ ఎండలు ముదరగానే వేడిగాలి కొట్టడం, టకటకమని చప్పుడు చేయడం, మంచం మీద నీళ్ళు కార్చడం నేర్చుకుంది. ఇంకో ఏడాదైతే విసనకర్రతో సరిపెట్టుకునేవాళ్ళం. కానీ నెల్లూరులో ఉన్న మా అమ్మాయి ప్రసూనకు తొలిచూలు. పురిటికి మా ఇంటికి వస్తోంది. ఆ గదే పురిటిగది. నెలలు నిండుతున్న పిల్లను బెజవాడ ఎండల్లో ఆ గదిలో ఎలా ఉంచడమని మా ఆవిడకు నిద్ర పట్టడం మానేసింది. తనకు పట్టనప్పుడు నాకూ పట్టనివ్వదు.

వెళ్ళి భ్రమరాంబగారికి సంగతి చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ తాపీగా విన్నారు.

"అన్నయ్యగారూ, బాలింతకి చల్లగాలి పడదు. ఏసీ తనంతట తనే మానుకుందంటే దానికి మీకన్నా ఎక్కువ తెలుసన్నమాట."

నాకు ఒళ్ళు మండింది. బాగుచేయించేవరకు అద్దె తగ్గించమన్నాను. ఏసీ చెడితే అద్దె తగ్గేటట్టయితే పోయినేడు తను కొత్త మోటారు వేయించినప్పుడు అద్దె పెరిగి ఉండాలి గదా అన్నారావిడ. ఆ మోటారు నీళ్ళు ముందు మీ కుండీల్లో మొక్కలు తాగాకే మా దాకా వస్తాయన్నాను. ఆ మాటతో ఆవిడ నాకివ్వబోయిన గోంగూర గిన్నెను మళ్ళీ వంటింట్లో పెట్టేశారు.

ఇలాంటివి మా మధ్య ఏడాదికోసారి వచ్చేవే. ఆదివారం ఎవరో ఒకరు కాఫీకి పిలిస్తే సర్దుకునేవి. ఈసారి ఆదివారానికి ముందే మండలి వచ్చింది.

అద్దె సామరస్య మండలి అని కొత్తగా పెట్టారు. ఇంటివారికీ అద్దెవారికీ తగవులు లేకుండా చేయడం దాని ఆశయం. ఊళ్ళో ఏ ఆటో వెనక చూసినా 'మీ లోపం మా బాధ్యత' అన్న కాగితమే. మా కాలేజీ పిల్లల చేత ర్యాలీ చేయించి, 'కారుతున్న కుళాయి, నా హక్కులు' అనే అంశం మీద వ్యాసరచన పోటీ పెట్టారు. న్యాయనిర్ణేతను నేనే. అన్ని వ్యాసాలు దిద్దాక ఎవరికైనా హక్కులు పూనుతాయి. ఆవిడతో నేను మాట్లాడతాను, మీరాగండి అని మా ఆవిడ అంటున్నా వినకుండా దరఖాస్తు పెట్టేశాను. అది తెలిసి భ్రమరాంబగారు, అద్దెకున్నవాళ్ళే ఏసీని పాడుచేశారని ఇంకోటి పెట్టారు. మండలివారికి మహదానందమైంది. ఒకే లోపానికి ఉభయపక్షాలూ దరఖాస్తు పెట్టడం వాళ్ళకు అదే మొదలట.

లోప నిర్ధారణాధికారి ఉమాకాంతంగారు స్వయంగా వచ్చారు. మండలి కార్యాలయం కాలువకు అవతలి గట్టునే, మా బాల్కనీలోంచి కనబడేంత దూరంలోనే ఉన్నా కారులో వచ్చారు. మడత నలగని తెల్లచొక్కా, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో లక్క. ఏసీ వేయమన్నారు. అది టకటకలాడుతుంటే కచేరీలో ముందు వరసవాళ్ళలా కళ్ళు మూసుకుని తల పంకించారు. మంచం మీద పడిన నీటిచుక్కను వేలితో తాకి చూశారు.

"చాలా స్పష్టమైన లోపం" అని మెచ్చుకున్నారు.

ఇక బాగుచేయించుకోవచ్చా అని అడిగాను. ఆయన నా వంక జాలిగా చూశారు.

"వాది గారూ, నిన్నటివరకు ఇది మీ ఇంట్లో లోపం. దరఖాస్తు నమోదైన క్షణం నుంచి ఇది మండలివారి లోపం. సదరు లోపము యొక్క తీవ్రతను బట్టి అద్దె తగ్గింపు నిర్ణయించబడును. మీరు దాన్ని బాగుచేసేస్తే మేము దేన్ని బట్టి నిర్ణయించాలి? సాక్షిని ఎవరైనా చంపుకుంటారా?"

నిబంధనలో తర్కం కనబడితే తల వంచడం నా బలహీనత.

ఉమాకాంతంగారు స్టూలెక్కి ఏసీ చుట్టూ తెల్లటి పట్టీ అంటించి, నాలుగు మూలలా లక్క పోసి సీలు వేశారు. దిగాక, అటు తలుపు వెనక ఏముందని అడిగారు. బాల్కనీ అండి, ఏసీ బయటి యూనిట్ అక్కడే ఉంది, కాకపోతే పడమటి ఎండ అన్నాను. ఆయన తన చొక్కా వంక చూసుకున్నారు. ఎండగా ఉన్న చోట లోపం ఉండే అవకాశం లేదని నిర్ధారించి, అదే రాసుకున్నారు. తుది విచారణ వరకు లోపాన్ని యథాతథ స్థితిలో కాపాడాలని, వాడకపోతే అది క్షీణిస్తుంది గనక ఉదయం సాయంత్రం తప్పకుండా ఏసీ వేయాలని ఉత్తర్వు చదివి వినిపించారు. అప్పటినుంచి మేము రోజూ రెండు పూటలా ఆ గదిని శ్రద్ధగా వేడిచేస్తూ వచ్చాం.

నేను చాటుగా ఏసీని ఇంకాస్త పాడుచేస్తానేమోనని భ్రమరాంబగారు మండలికి ఫిర్యాదు చేశారు. ఆవిడ చాటుగా బాగుచేయిస్తుందేమోనని నేను చేశాను. రెండూ సమంజసమైన అనుమానాలేనని మండలివారు లోపానికి ఒక కాపలాదారుణ్ణి వేశారు. అతని పేరు గంగరాజు. గుడివాడ పక్కవాడు, పెద్ద శరీరం, మెత్తటి మనిషి. లాఠీని మా గొడుగు పక్కన ఆనించి, హాల్లో ఉన్న ఒకే ఒక్క ఫ్యాను కింద కుర్చీ వేసుకుని, గది తలుపు వంక చూస్తూ కూర్చునేవాడు.

గంగరాజుతో పాటు ఇంకో ఉత్తర్వు కూడా వచ్చింది. ఉభయపక్షాలూ నేరుగా మాట్లాడుకుంటే రాజీపడే ప్రమాదమున్నందున, ఇకమీదట ఏం మాట్లాడినా కాపలాదారు ద్వారానే మాట్లాడవలెను. సామరస్య మండలికి రాజీ అంటే అంత భయమెందుకో నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, రాజీపడ్డ తగవు వాళ్ళ లెక్కలో పరిష్కరించిన తగవుల కింద రాదట.

మెట్ల మీద ఎదురుపడితే భ్రమరాంబగారు నా వంక చూడకుండా గంగరాజుతో, వాది గారిని మోటారు కట్టేయమని చెప్పు అనేవారు. గంగరాజు నా వైపు తిరిగి అదే మాట అనేవాడు. నేను కట్టేశానని గంగరాజుతో చెప్పేవాణ్ణి. ఒకరోజు ఆవిడ పెరుగు తోడు కావాలని కబురు చేస్తే, తోడు ఇవ్వడం రాజీ కిందికి వస్తుందో రాదో తనకు తెలియదని గంగరాజు మండలికి రాశాడు. ఆ విషయమై పైవారి అభిప్రాయం కోరబడినదని జవాబు వచ్చింది. ఈలోగా ఆవిడ పాలు విరిగిపోయాయి. అప్పటికింకా నాకు కోపం తగ్గలేదు గనక ఆ సంగతి విని లోలోపల సంతోషించాను కూడా.

ప్రసూన వచ్చింది. ఆయాసపడుతూ మెట్లెక్కి, వాళ్ళమ్మను పట్టుకుని, నేరుగా పడకగది వైపు నడిచింది. గంగరాజు లేచి నిలబడి, చాలా ఇబ్బంది పడుతూ జేబులోంచి కాగితం తీశాడు. ఇంట్లోకి కొత్త మనిషి వస్తోందని తెలిసి మండలివారు ముందే జాగ్రత్త పడ్డారు. మానవ శరీరముల వలన గదిలోని ఉష్ణోగ్రత మారి, తద్వారా లోపము యొక్క స్వభావము మారు ప్రమాదమున్నందున, సదరు గదిలో ఎవరునూ నివసించరాదు. లోపానికి ఏకాంతం కల్పించవలెను.

లోపం గదిలో పడుకుంది. నెలలు నిండిన నా కూతురు హాల్లో పడుకుంది.

గంగరాజు వెంటనే ఫ్యాను కింది చోటు అమ్మాయికి వదిలేసి తను గుమ్మం దగ్గరికి జరిగాడు. అయినా ఆ హాలు పడమటి గోడ మధ్యాహ్నానికి పెనంలా కాలేది. పిల్ల చాప మీద తడితువ్వాలు పరుచుకుని, అటూ ఇటూ తిరగలేక, విసనకర్రతో తన పొట్ట మీద విసురుకునేది. మా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది. నాకు వంటింట్లోకి వెళ్ళి ఏడవాలనిపించింది.

దరఖాస్తు వెనక్కి తీసుకోవడానికి మండలి కార్యాలయానికి వెళ్ళాను. అక్కడ ఎంత చల్లగా ఉందంటే ఉమాకాంతంగారు ఆ ఎండాకాలంలో భుజాల మీద శాలువా కప్పుకుని పనిచేస్తున్నారు. ఆదరంగా కూర్చోబెట్టారు. ఉపసంహరణకు నిబంధనల్లో వీలుందని, అది చాలా సులభమని చెప్పారు. లోపం లేదని ధ్రువీకరణ పత్రం తెస్తే చాలట. లోపం పోవాలంటే బాగుచేయాలి గదా అన్నాను. బాగుచేయడం నేరమన్నారు. మరి పత్రం ఎలా వస్తుందని అడిగాను.

"అందుకే ఇంతవరకూ ఎవరూ ఉపసంహరించుకోలేదు. ప్రజలకు మండలి మీద అంత నమ్మకం" అన్నారాయన.

బయటికి రాగానే నా చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయింది. కాలువ వంతెన మీద నిలబడి మా బాల్కనీ వంక చూశాను. మా ఆవిడ బట్టలారేసుకునే ఆకుపచ్చ నైలాను తీగ తెగిపోయి గాలికి ఊగుతోంది. ఆ తీగ ముక్కలు ముక్కలుగా ఎందుకు మాయమవుతోందో మా ఆవిడకు ఎన్నాళ్ళుగానో అంతుపట్టలేదు. నేనూ పట్టించుకోలేదు.

మర్నాడు భ్రమరాంబగారు గుమ్మడి వడియాలు ఎండబెట్టడానికి డాబా మీదికి వెళుతూ మా గుమ్మం ముందు ఆగిపోయారు. హాల్లో ప్రసూన కనబడింది. ఆవిడ గంగరాజుతో అన్నారు, వాది గారి అమ్మాయి మజ్జిగ తాగుతోందో లేదో కనుక్కో అని. గంగరాజు నోరు తెరిచేలోపలే ప్రసూన అందుకుంది.

"అత్తయ్యా, లోపలికి రండి. నేను వాదినీ కాదు, ప్రతివాదినీ కాదు. నాతో మాట్లాడకూడదని ఏ కాగితంలోనూ రాయలేదు."

ఇన్నేళ్ళు నిబంధనలు చదివిన నాకు ఆ సంగతి తట్టలేదు. భ్రమరాంబగారు వడియాల పళ్ళెం గంగరాజు చేతిలో పెట్టేసి లోపలికొచ్చారు. చాప మీద చతికిలబడి, పిల్ల చేతిలో విసనకర్ర లాక్కుని విసరడం మొదలెట్టారు. విసురుతూ విసురుతూ కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

"చల్లగాలి పడదన్నాను గానీ, ఈ వడగాలి పడుతుందని నేనన్నానటే అమ్మాయ్? మీ నాన్నకి చెప్పు. అప్పుడే మెకానిక్కుని పిలవాల్సింది, పంతానికి పోయానని చెప్పు."

నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను. అత్తయ్యకు తప్పు తనది కాదని, దరఖాస్తు పెట్టిన నాదేనని చెప్పమ్మా అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, తప్పెవరిదో తర్వాత పంచుకుందురుగాని ముందు ఆ అధికారి చూడకుండా వదిలేసిన బాల్కనీలో ఏముందో చూడమని చెప్పమ్మా వాళ్ళిద్దరికీ అంది. ఈ మాటలన్నీ ప్రసూనతోనే అన్నారు గనక ఉత్తర్వు ఎక్కడా ఉల్లంఘన కాలేదు. గంగరాజు కూడా విని, తల ఊపి, వడియాల మీదికి ఈగలు రాకుండా చూసుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భ్రమరాంబగారు గంగరాజును భోజనానికి పిలిచారు. కాపలాదారుకు భోజనం పెట్టకూడదని ఏ నిబంధనా లేదు, నేను వెతికి చూశాను. ముద్దపప్పు, కారం కూరిన గుత్తొంకాయ, గుమ్మడికాయ పులుసు, గడ్డపెరుగు. అతను చెయ్యి కడుక్కుని ఆవిడ వరండాలో ఓ క్షణం నడుం వాల్చాడు. ఆ గురక వినగానే మేము ముగ్గురం బాల్కనీలోకి వెళ్ళాం.

ముందు రోజే ఒక మెకానిక్కును మాట్లాడాం. కేసులో ఉన్న ఏసీని చచ్చినా ముట్టుకోనన్నాడు. ముట్టుకోకపోయినా నోటితో చెప్పవచ్చు గదా అని భ్రమరాంబగారు వార్డెను గొంతుతో అడిగితే ఒప్పుకున్నాడు. సరిగ్గా బాల్కనీ గడప ఇవతల, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అతను చెబుతుంటే మా ఆవిడ మెయిన్ స్విచ్చి కట్టేసి, బయటి యూనిట్ ముందున్న జాలీ విప్పింది. లోపల ఫ్యాను చుట్టూ పావురాల గూడు. పుల్లలు, ఈకలు, మధ్యలో మా ఆవిడ ఆకుపచ్చ నైలాను తీగ చుట్టలు చుట్టలుగా. ఫ్యాను తిరగబోయి పుల్లలకు తగులుకుని ఆగడమే ఆ టకటక. ఫ్యాను ఆగితే వేడి పోదు, గది చల్లబడదు. నీళ్ళు పోవాల్సిన గొట్టం మూతిలో కూడా ఈకలే, అందుకే ఆ నీళ్ళు మంచం మీదికి వచ్చేవి. గూట్లో గుడ్లు లేవు గనక మా మనసులు తేలికపడ్డాయి. భ్రమరాంబగారు గూడును మొత్తంగా ఎత్తి, పాపం కట్టుకుంది గదా అని, పిట్టగోడ మీద ఓ మూల పెట్టారు. మా ఆవిడ చీపురుపుల్లతో గొట్టం పొడిచింది. నేను స్టూలు పట్టుకున్నాను. నాకిచ్చిన పని అదే.

స్విచ్చి వేశాం. లోపల సీళ్ళు వేసినవి వేసినట్టే ఉన్నాయి. వాటి మధ్యలోంచి చల్లటి గాలి వచ్చింది. ప్రసూన ఏకాంతాన్ని భంగపరిచి మంచం మీద పడుకుంది. ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయింది. భ్రమరాంబగారు గది తలుపు దగ్గర నిలబడి, చెవుల్లో దూది పెట్టుకోమని చెప్పండి వదినగారూ అన్నారు. ఉత్తర్వు మరిచిపోయి నేరుగా అన్నారు. నాకు ఆ పిలుపు విని ఎంత బావుందో చెప్పలేను.

సాయంత్రం ఏసీ కట్టేసి ప్రసూనను హాల్లోకి తెచ్చాక గంగరాజు వచ్చి యథాప్రకారం ఏసీ వేశాడు. చప్పుడు లేదు. నీళ్ళు లేవు. తలుపు సందులోంచి కాళ్ళకు చలిగాలి తగిలింది. అతను తువ్వాలు భుజాల మీద కప్పుకుని కంగారుగా నా దగ్గరికొచ్చాడు.

"అయ్యగారూ, లోపానికి ఒంట్లో బాగున్నట్టు లేదండీ."

నిజాయితీపరుడు గనక మండలికి రిపోర్టు రాశాడు. ఉమాకాంతంగారు పరుగున వచ్చి భూతద్దంతో సీళ్ళు పరీక్షించారు. ఒక్కటీ చెక్కుచెదరలేదు. లోపలివారెవరూ ముట్టుకోలేదని తేలిపోయింది. నేనే బాగుచేశానని చెప్పాను. లేదు, ఆయన స్టూలు మాత్రమే పట్టుకున్నారు, బాగుచేసింది నేనని భ్రమరాంబగారు చెప్పారు. సీళ్ళు భద్రంగా ఉండగా అది అసంభవమని ఉమాకాంతంగారు మా ఇద్దరి వాంగ్మూలాలూ తిరస్కరించారు. బాల్కనీ సంగతి చెప్పబోతే, అక్కడ లోపం ఉండదని తాను ముందే నిర్ధారించి ఉన్నానన్నారు. కాబట్టి లోపం తనంతట తానే పరారైంది.

రెండు రోజుల్లో మా వీధి గోడల మీద ప్రకటన వెలిసింది. 'కనబడుట లేదు. మండలివారి రక్షణలో నున్న లోపము ఒకటి తప్పించుకొనిపోయినది. ఆనవాళ్ళు: కంఠస్వరము టకటక. స్వభావము వేడి. క్రింద నున్న వస్తువులపై నీరు కార్చు అలవాటు కలదు. ఆచూకీ తెలిపినవారికి ప్రశంసాపత్రము ఇవ్వబడును.' కింద, లోపం పాతఫోటో అని మా ఏసీ బొమ్మ వేశారు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఆ తర్వాత వచ్చిన నోటీసు చూసి నవ్వలేకపోయాం. తుది విచారణ నాటికి లోపము దొరకని పక్షమున, అది మళ్ళీ స్వస్థలమునకు తిరిగివచ్చు అవకాశమున్నందున, సదరు వాటా ఖాళీ చేయించి తాళము వేయబడును. విచారణ వచ్చే గురువారం. డాక్టరమ్మ ప్రసూనకు చెప్పిన రోజులు కూడా ఆ వారమే. మండలి కరుణించకపోతే నా మనవడో మనవరాలో ఆసుపత్రి నుంచి వచ్చేసరికి వాళ్ళకు ఇల్లుండదు. అవసరమైతే తన వాటాలోకి తెచ్చుకుంటానని భ్రమరాంబగారు అన్నారు. అది ప్రతివాది ఆస్తి గనక రాజీ అవుతుందని గంగరాజు కళ్ళనీళ్ళతో చెప్పాడు.

గురువారం ప్రసూనకు తోడుగా మా ఆవిడను ఇంట్లో ఉంచి, నేను, భ్రమరాంబగారు, ఇద్దరి మధ్య గంగరాజు మండలికి నడిచాం. హాల్లోకి అడుగుపెట్టగానే వేడి ముఖానికి కొట్టింది. ఉమాకాంతంగారి శాలువా కుర్చీ వెనక వేలాడుతోంది, ఆయన ఫైలుతో విసురుకుంటున్నారు. విచారణాధికారి కూడా ఆయనే. నిర్ధారించిన లోపం మీద నిర్ధారించినవారే తీర్పు చెబితే అభిప్రాయభేదాలకు తావుండదట.

ఆయన లోపం యొక్క జీవితచరిత్ర మొదటినుంచి చదవసాగారు. ఆ గొంతు సరిగా వినబడడం లేదు. ఆయన తల మీద ఉన్న ఏసీ టకటకమంటోంది. ఓ నీటిచుక్క ఫైలు మీద పడింది. ఆయన ఫైలును పక్కకు జరిపారు. చుక్క ఆయన నెత్తి మీద పడింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. గోడకు బిగించిన బయటి యూనిట్ లోపల పుల్లల గూడు కనబడింది. పుల్లల మధ్య ఆకుపచ్చ నైలాను తీగ. పక్కనే రెండు పావురాలు కొత్తింట్లో దిగినవాళ్ళ ధీమాతో కూర్చుని ఉన్నాయి.

నేను భ్రమరాంబగారి మోచేతిని తట్టి చూపించాను. మాట్లాడలేదు గనక అది రాజీ కాదు. ఆవిడ చూశారు. లేచి నిలబడి, హాస్టల్లో దీపాలార్పే వేళకు పిలిచే గొంతుతో అన్నారు.

"అయ్యా, మా లోపం దొరికింది. మీ నెత్తి మీదే ఉంది."

ఏసీ మళ్ళీ టకటకమంది. ఉమాకాంతంగారు పైకి చూశారు. ఇది కార్యాలయపు స్వంత లోపమై ఉండవచ్చునని సందేహం వెలిబుచ్చారు. ఆనవాళ్ళు చదవమని భ్రమరాంబగారు కోరారు. కంఠస్వరము టకటక. సరిపోయింది. స్వభావము వేడి. సరిపోయింది. నీరు కార్చు అలవాటు అని చదువుతుండగా ఇంకో చుక్క పడి అక్షరాలు అలుక్కుపోయాయి. దీన్ని ప్రత్యక్షంగా ఎరిగినవారెవరైనా గుర్తుపట్టాలన్నారాయన. గంగరాజు ముందుకొచ్చి, టోపీ తీసి, చాలాసేపు చెవి ఒగ్గి విన్నాడు.

"అదేనండీ. రెండు పూటలా విన్నాను, నాకు తెలీదా? పాపం, కాస్త చిక్కింది."

ఉమాకాంతంగారి ముఖం విప్పారింది. ఆయన రక్షణలోంచి పారిపోయిన లోపం ఆయన చేతుల్లోనే దొరకడం సామాన్యమైన విషయం కాదు. పోగొట్టుకున్న అధికారిగా కాక పట్టుకున్న అధికారిగా రికార్డుకెక్కుతారు. లోపము స్వచ్ఛందముగా మండలివారికి లొంగిపోయినదని, అందువలన వాటాకు తాళము వేయనవసరము లేదని, వాది ప్రతివాదులు ఇకమీదట నేరుగా మాట్లాడుకొనవచ్చునని ఉత్తర్వు రాశారు. సంతకం పెట్టి, చెమట తుడుచుకుని, గుమస్తాను పిలిచి మెకానిక్కు కోసం కబురు చేయమన్నారు.

"అలా కుదరదు గదండీ. అది మండలివారి ఆస్తి. యథాతథ స్థితిలో కాపాడాలి" అన్నాను నేను. నిబంధనలంటే నాకు గౌరవమని ముందే మనవి చేశాను.

ఆయన గుమస్తాను వెనక్కి పిలిచారు. తర్వాత సొరుగులోంచి లక్క తీశారు. గంగరాజు కుర్చీ మా హాల్లోంచి ఆ హాల్లోకి మారింది. ఉదయం సాయంత్రం తప్పకుండా ఏసీ వేస్తున్నాడు.

ఆ శనివారం ప్రసూనకు ఆడపిల్ల పుట్టింది. పురిటిగది చల్లగా ఉంది. మరీ చల్లగా ఉండకూడదని భ్రమరాంబగారు ఏసీ రిమోట్‌ను తన బొడ్లో దోపుకుని తిరుగుతారు. బాలింతకి చల్లగాలి పడదని ఇప్పటికీ అంటారు. అంటూనే, పిల్లకు చెమట పట్టిందేమో చూసి, ఒక్క మెట్టు తగ్గిస్తారు. అద్దె విషయం మండలివారు తేల్చారు. లోపం ఉన్నందుకు తగ్గించి, సాయుధ కాపలా సౌకర్యం ఉన్నందుకు పెంచి, పాత అద్దెకే తెచ్చారు. ఆ కాగితంలో భ్రమరాంబగారు మా ఆవిడకు కరివేపాకు చుట్టి పంపారు.

ఒక్క ఇబ్బంది మాత్రం మిగిలింది. బారసాలకు పిలిస్తే ఉమాకాంతంగారు వచ్చారు. పిల్లను ఆశీర్వదించి, ఏసీ కింద కుర్చీలో కూర్చున్నారు. లోపం పోయిన చోట మళ్ళీ రాకుండా ఉందో లేదో క్రమం తప్పకుండా పర్యవేక్షించవలసి ఉందట. మర్నాడు మధ్యాహ్నం ఫైళ్ళతో వచ్చారు. ఆ మర్నాడు శాలువా కూడా తెచ్చుకున్నారు. ఇప్పుడు రోజూ భోజనాల వేళకు వచ్చి, ఎండ తగ్గాక వెళుతున్నారు. ఆయనున్నంతసేపు ప్రసూన పిల్లనెత్తుకుని హాల్లో కూర్చుంటోంది.

నిన్న భ్రమరాంబగారు వంటింట్లో నా పక్కకొచ్చి రహస్యంగా అడిగారు.

"అన్నయ్యగారూ, మన పడకగదిలో ఇదో కొత్త లోపం గదా. మండలికి దరఖాస్తు పెడదామా?"

"వద్దు చెల్లెమ్మా. పెడితే ఇక ఆయన్ని అక్కణ్ణించి కదపనివ్వరు" అన్నాను.